జానకు తక్కువైన తాబేలు

తర్లుపాడు బస్సులో వెళ్తుంటే ఎండుతున్న చెరువు బురద వాసన కిటికీలోంచి వచ్చింది. నాకు ఒక కొలత గుర్తొచ్చింది. సంవత్సరం కచ్చితంగా చెప్పలేను. నేను మూడో తరగతి ముగించిన ఎండాకాలం అన్నది మాత్రం ఖాయం.

చెరువు ఎండినప్పుడు నాయన ఇనుప చువ్వతో బురదలో పొడిచి తాబేళ్లను వెదికేవాడు. చువ్వ కింద టక్కుమంటే తాబేలున్నట్లే. కూలి దొరకని ఆ నెలల్లో మా ఇంటికి అదే కూర. అయితే జానెడు లేనిదాన్ని నీళ్లున్న మడుగులో వదిలేయాలన్నది ఆయన నియమం.

ఆ రోజు రెండో తాబేలును బయటికి తీసి నా వైపు తోశాడు. "కొలిచి చూడు పాపా. జానకు తక్కువైతే వదిలేసిరా" అని మళ్లీ పొడవడంలో పడ్డాడు.

తాబేలు వీపు డొప్ప మీద చెయ్యి చాచాను. "జానా రెండు వేళ్లు నాయనా!" అని అరిచి, గర్వంగా గోతంలో వేశాను.

అన్నాలయ్యాక నాయన గోడవారనున్న రెండోదాని ఖాళీ డొప్ప మీద చెయ్యి పరిచాడు. వేళ్లు అంచు దాటిపోయాయి.

"ఎవరి జానతో కొలిచినావు పాపా?"

"నా జానతోనే."

అమ్మ నాయనను చూసి నవ్వింది. "మరి కొలిచేదానికి నీ చెయ్యి కోసిచ్చినావా ఏంది, పిల్లకు?"

నాయన నవ్వలేదు. లెక్క తప్పిందనుకున్నాడేమోనని నేను మళ్లీ కొలిచి చూపించాను.

"సరిగ్గానే ఉంది కదా నాయనా?"

"సరిగ్గానే ఉందిలే తల్లీ" అంటూ డొప్పను పక్కకు జరిపాడు.

ఇప్పుడు తాబేలును పట్టడమే నేరం. ఆకలికి మొదటిదాన్ని పట్టిన నాయనను నేను తప్పుపట్టలేను. రెండోది మాత్రం ఆయన నియమం ప్రకారం బతకవలసింది.