రేడియో మావయ్యగారి మర్యాద

రేడియో మావయ్యగారు పోయారని మొన్న ఉదయం కొత్తపేట నుంచి ఫోను వచ్చింది. మా అమ్మకు వరసకు అన్నయ్య. ఉద్యోగమంతా రేడియోలోనే; రైతుల్ని, నేతవాళ్ళని, పడవవాళ్ళని మాట్లాడించారు. ఆ మెత్తటి గొంతు మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడిగి పుచ్చుకునేవారు. ఎదుటి మనిషి మాట కోసం తడుముకుంటుంటే తాను అందించేవారు కాదు. "తొందరేముందమ్మా, ఆయన మాట ఆయన్నే వెతుక్కోనీ" అనేవారు నాతో. ప్రశ్న అడగడం నాకు నేర్పింది ఆయనే. ఇవాళ నేను చేస్తున్న రేడియో ఉద్యోగం ఆయన చలవే.

మా నాన్న వశిష్ట గోదారి మీద పడవ నడిపే సరంగు. నా చిన్నప్పుడు ఆ పడవ తిరగబడి పెళ్ళివారు కొందరు పోయారు. మర్నాడు ఒక విలేకరి వాకిట్లోకొచ్చి, "ఎంతమందిని చంపేవయ్యా?" అని అరిచాడు. నాన్న లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. సాయంత్రం మావయ్యగారు వచ్చి నేలమీద నాన్న పక్కనే కూర్చున్నారు. "బావగారూ, మీకిష్టమైతేనేనండి" అన్నాకే టేపు తిప్పారు.

నాన్న అప్పుడు ఏడ్చాడు. "ఎక్కువమంది ఎక్కేసేరండి. దిగమన్నాను, దిగలేదు. పోన్లే అనుకుని తాడు విప్పేసేను." అని, ఆయన చేతులు పట్టుకున్నాడు. "ఈ ముక్క మాత్రం బయటికి రానీకండి."

"ఆయ్, తీసేస్తానండి" అన్నారు మావయ్యగారు.

తీయలేదు. ఆ ముక్కే రేడియోలో వచ్చింది. వీధంతా వింది. నాన్నను మళ్ళీ ఎవరూ పడవ ముట్టుకోనివ్వలేదు. అరిచిన విలేకరిని మేం ఎప్పుడో మరిచిపోయాం.

ఉద్యోగంలో చేరాక ఒకసారి మావయ్యగారిని నిలదీశాను.

"పోయినవాళ్ళ మనుషులకి నిజం తెలియాలి కదమ్మా. వాళ్ళకీ మర్యాద చెయ్యాలి కదా" అన్నారు.

"మరి నాన్నతో తీసేస్తానని ఎందుకన్నారండీ?"

లేచి, "కాఫీ తాగుతావా?" అన్నారు.

ఆయన చెప్పిన కారణం తప్పని ఇప్పటికీ అనలేను. ఆ మెత్తటి మాటను మాత్రం క్షమించలేకపోతున్నాను. ఆయన నేర్పిన విద్యతోనే అన్నం తింటున్నాను, ఎవరికైనా మాటివ్వాల్సి వస్తే భయపడుతున్నాను.

మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్నకు కబురు చెప్పాను. ఇన్నేళ్ళలో ఆయన ఊసెత్తని మనిషి, "ఆఖర్న దగ్గరెవరన్నా ఉన్నారంటమ్మా?" అని అడిగాడు.

లేరన్నాను.

కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు. అరుగు మీదికెళ్ళి, గోదారికి వీపు పెట్టి, ఎండ అరుగు దిగిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.