నైరుతి మూల కాలమ్

నాలుగేళ్ళు కాలేజీలో చదివిందంతా ఏ గంగలో కలిసిందో తెలియదు కానీ, నేను అమీర్‌పేటలో నలభై ఐదు రోజుల్లో ఇంజనీరునయ్యాను. అలాగని నమ్మాను. మెట్రో స్టేషన్ పక్క సందులో కింద జెరాక్స్ షాపు, పైన మూడో అంతస్తులో కోచింగ్ సెంటర్. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరిద్దరం ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. బిల్డింగ్ బొమ్మ గీసి, ఏ అంతస్తు మీద ఎంత బరువుంటుందో చెప్పి, ఒక బటన్ నొక్కితే చాలు. ఏ కాలమ్‌కి, అంటే పిల్లర్‌కి, ఎంత ఇనుము వేయాలో, ఏ బీమ్ నిలుస్తుందో సాఫ్ట్‌వేరే చెప్పేస్తుంది. నిలిచేవి పచ్చగా, నిలవనివి ఎర్రగా కనబడతాయి. మాకు నేర్పిందల్లా ఆ ఎరుపును ఎలా పోగొట్టాలన్నదే. అసలు ఎందుకు ఎర్రబడిందని క్లాసులో అడిగినవాడు లేడు. నేనూ అడగలేదు.

ఆ సర్టిఫికెట్ పట్టుకుని పంజాగుట్టలో ఒక పెద్దాయన దగ్గర చేరాను. తెనాలి వైపు మనిషి. ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్ళుగా ఇళ్ళకీ, అపార్ట్‌మెంట్లకీ కాలమ్‌లు, బీమ్‌ల డ్రాయింగులు ఇస్తున్నారు. కిటికీ తెరిస్తే ఫ్లైఓవర్ హారన్లన్నీ లోపలికొచ్చే రెండు గదుల ఆఫీసు అది. లైసెన్సు ఆయనది, సంతకం ఆయనది. కంప్యూటర్ పని నాది.

సార్‌కి ఒక అలవాటుంది. సాఫ్ట్‌వేర్ ఎన్ని పేజీలు కక్కినా సరే, ప్రతి బిల్డింగులోనూ తనకు తోచిన ఒక్క కాలమ్‌ని ఎంచుకుని, పెన్సిల్‌తో తెల్లకాగితం మీద లెక్క వేసేవారు. టెర్రస్ నుంచి ఇంత, ఐదో అంతస్తు నుంచి ఇంత, గోడలు ఇంత అని పునాది దాకా కూడుకుంటూ దిగేవారు. అది కంప్యూటర్ చెప్పినదానికి దగ్గరగా వస్తేనే సంతకం. "మనం ఏం చెబితే అది నమ్ముతుందయ్యా ఆ పెట్టె. మనం అబద్ధం చెబితే అదీ నిక్షేపంగా అబద్ధమే చెబుతుంది" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. బటన్ నొక్కితే తేలిపోయేదానికి గంటసేపు ఈ చాదస్తం ఏమిటని లోపల్లోపల తిట్టుకుంటూ, పైకి మాత్రం "అవును సార్" అనేవాణ్ణి.

ఆ ఎండాకాలం అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్ కట్టాలని ఒక ఓనరు వచ్చాడు. కింద పార్కింగ్, పైన ఐదంతస్తులు. ఇక్కడ అందరూ అడిగేదే అతనూ అడిగాడు. కాలమ్‌ల మందం తొమ్మిది అంగుళాలు దాటకూడదు, గోడలో కలిసిపోవాలి. సరేనని, మెట్ల గది మీద నీళ్ళ ట్యాంకు పెట్టి డిజైన్ ముగించాను. అన్నీ పచ్చగా వచ్చాయి. సార్ చేతి లెక్కా సరిపోయింది.

ఆ తర్వాత నాలుగు రోజులకే సార్‌కి కంటి ఆపరేషన్ అయింది. శుక్లాలు. కాగితం ముట్టుకోవద్దన్నారు డాక్టర్లు. ఆయన ఇంట్లో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్న ఆ వారంలోనే ఓనరు మళ్ళీ ఆఫీసుకొచ్చాడు.

"అన్నా, మా సిద్ధాంతి వచ్చి ప్లాన్ చూసిండు. ట్యాంక్ మెట్ల మీద వద్దంటుండు. నైరుతి మూలకే బరువు ఉండాల్నంట. జర గదొక్కటి మార్చియ్యి. ఎల్లుండి పునాదికి ముగ్గు పోస్తున్నం, ముహూర్తం సుత పెట్టుకున్నం."

"అదెంతసేపండీ, పది నిమిషాల పని" అన్నాను. ఆ పొగరు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ట్యాంకుని నైరుతి మూలకు జరిపాను. ఇరవై వేల లీటర్లు, అంటే ఇరవై టన్నుల నీళ్ళు. ఆ మూలనున్న కాలమ్ పైనుంచి కింద దాకా ఎర్రబడింది. ఇనుము పెంచాను, అయినా ఎరుపే. ఇంకా పెంచితే ఊచల మధ్య కాంక్రీటు దిగడానికి సందు కూడా మిగలదు. కాలమ్‌ని లావు చేయడం ఒక్కటే దారి. ఫోన్ చేసి ఆ మాట చెబితే ఓనరు అంతెత్తున లేచాడు.

"పిల్లర్ బయటికొస్తే కార్ ఎట్ల తిరుగుతదన్నా? పది నిమిషాలన్నవ్ గదా! నీకు రాకుంటే రాదని చెప్పు, అమీర్‌పేటల గల్లీకొకడున్నడు."

నాకు రాకపోవడమేమిటి! ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కుర్చీ ముందుకు లాక్కుని, ఆ మూలన ఇచ్చిన ట్యాంకు బరువు తీసేసి, అదే ఇరవై టన్నుల నీళ్ళను టెర్రస్ అంతటా పలచగా పరిచేశాను. డ్రాయింగులో ట్యాంకు నైరుతిలోనే ఉంది. లెక్కలో మాత్రం చాప పరిచినట్టు డాబా నిండా పరుచుకుని, అన్ని కాలమ్‌లకూ తలా కాస్త పంచుకుపోయింది. మొత్తం బరువు ఒక్క కేజీ తగ్గలేదు, ఎవరు కూడినా సరిపోతుంది. బటన్ నొక్కాను. మూల కాలమ్ పచ్చబడింది. నేను చేసింది ఏమిటో నాకు పూర్తిగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం కూడా లేదు నాకు.

డ్రాయింగులు తీసుకుని ఎల్లారెడ్డిగూడలో సార్ ఇంటికెళ్ళాను. ట్యాంకు మార్చామని చెప్పాను.

"మూల కాలమ్ ఆగిందా?" అని అడిగారు.

"అన్నీ పచ్చగా ఉన్నాయి సార్."

"ఆ ఒక్కటైనా చేత్తో వేసి చూద్దామంటే ఈ కళ్ళొకటి..." అని నొచ్చుకుంటూ, సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించమన్నారు. చూపించాను.

రెండేళ్ళు గడిచాయి. హాస్టల్ నిండిపోయింది. ఆ వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వేరే దారిలో పోయేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే ఓనరు సార్‌కి ఫోన్ చేశాడు, మూల పిల్లర్‌కి పెచ్చులూడుతున్నాయని. ఇద్దరం వెళ్ళాం. పార్కింగ్‌లో ఆ కాలమ్ అడుగున కాంక్రీటు రాలిపోయి, ఊచలు బయటికి ఉబికి ఉన్నాయి. సార్ వంగి, ఒక ఊచని వేలితో తడిమి, తలెత్తి పై స్లాబు వైపు చూశారు. పైన పిల్లలు బకెట్లు జరుపుకుంటున్న చప్పుడు వినబడుతోంది.

"ముందు ట్యాంకు ఖాళీ చేయించండి. పిల్లలందర్నీ ఇప్పుడే కిందికి దించండి" అన్నారు సార్.

"ఏంది సార్ గట్లంటరు? ఆడపిల్లలు, పరీక్షలున్నయి, యాడికి పోతరు? జర సిమెంట్ పూస్తే అయిపోతది. మీ డ్రాయింగ్ ఎట్లుంటే గట్లనే కట్టిన నేను. తప్పు మీదేనని రాసియ్యుర్రి, గిప్పుడే దింపుత."

నేను "తప్పు నాదండీ, నేను కావాలనే చేశాను" అంటే చాలు. నాలుగు ముక్కలు. నేను లాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. సార్ నా బ్యాగులోంచే కాగితం అడిగి తీసుకుని, అక్కడున్న స్కూటర్ సీటు మీద పెట్టి రాశారు. డిజైన్ తప్పు నాది, లెక్క సరిచూడకుండా సంతకం చేశాను అని. కింద తేదీ వేసి ఓనరు చేతికిచ్చారు.

గంటలో పిల్లలు దిగడం మొదలుపెట్టారు. సూట్‌కేసులు, దుప్పట్లు, పుస్తకాల సంచులు. ఒకమ్మాయి చేతిలో ఇంకా ఉప్మా ప్లేటు ఉంది. "అన్నా, మళ్ళీ ఎప్పుడు రావాలి?" అని అడిగింది నన్ను. తెలియదమ్మా అన్నాను. సార్ మాత్రం పై స్లాబుకి ఆసరాగా జాకీలు పెట్టించే దాకా ఆ కాలమ్ దగ్గర నుంచి కదల్లేదు. నేను ఆఫీసుకొచ్చి, ఆయన అక్కడుండగానే, కంప్యూటర్లోంచి ఆ బిల్డింగ్ ఫైలు తీసేశాను. తర్వాత అడిగితే కరప్ట్ అయిందన్నాను. పాపం, నమ్మారు.

ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. ఆ కాలమ్ చుట్టూ కొత్త కాంక్రీటు పోసి లావు చేశారు, పిల్లలు తిరిగొచ్చారు. కానీ ఆ కాగితం ఊరికే ఉండలేదు. చేతులు మారి మారి పై ఆఫీసులకు చేరింది. సార్ లైసెన్సు పోయింది. పంజాగుట్టలో బోర్డు దించేశారు. నాకు మాత్రం బంజారాహిల్స్‌లో ఉద్యోగం దొరికింది. చేతి వేగం బాగుందని మెచ్చుకుని మరీ తీసుకున్నారు.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున సార్ ఇంటికి పిలిపించారు. చాలా చిక్కిపోయారు. టేబుల్ నిండా తెల్లకాగితాలు, అన్నిటి మీదా అదే కాలమ్. పక్కన ఎప్పటిదో ప్రింటు ఒకటి. ఆ కాలమ్ మీద బరువెంతో సాఫ్ట్‌వేర్ చెప్పిన ఆ ఒక్క పేజీ ఎలాగో ఆయన దగ్గర మిగిలిపోయింది.

"చూడవయ్యా, నేను వేస్తే బరువు ఇంతకంటే బాగా ఎక్కువొస్తోంది. ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. ప్రతిసారీ అంతే" అన్నారు. ఆ ప్రింటు నా వైపు జరిపి, "ట్యాంకు నువ్వు ఆ మూలే ఇచ్చావు కదా?" అని అడిగారు.

ఆ అడగడంలో అనుమానం లేదు. ఉన్నా బాగుండేది. నాకు పోవడానికి ఏముందని? ఆయన దృష్టిలో మంచివాణ్ణన్న పేరొక్కటే. చెప్పేస్తే ఈ మనిషి ఆ కాగితాలన్నీ పక్కన పడేసి హాయిగా అన్నం తింటాడు. అంతా తెలిసి కూడా, "మూలే ఇచ్చాను సార్" అన్నాను.

"అయితే నా కూడికలోనే ఉంది తప్పు. ముప్పై ఏళ్ళు వేసిన లెక్క, చేతిలోంచి జారిపోయిందన్నమాట" అని నవ్వబోయి ఊరుకున్నారు. పెన్సిల్ చెక్కుకుని, కొత్త కాగితం తీసుకుని, మళ్ళీ టెర్రస్ దగ్గర మొదలుపెట్టారు. ఒక్కో అంకె వేసి, నా వైపు తిప్పి, "ఇది కరెక్టేనా?" అని అడుగుతున్నారు. ప్రతి అంకె కరెక్టే. నేను ఎదురుగా కూర్చుని "కరెక్టే సార్, కరెక్టే సార్" అంటూ ఉన్నాను.