గాలి తగలని చీర

తిరుపతిలో రుక్మిణమ్మ ఉన్న వీధిలో ఎవరింట పట్టుచీర కొన్నా, దాన్నెలా దాచాలో ఆమెనే అడిగేవాళ్లు. కంచిపట్టును ఆమె పాత నూలుపంచెలో చుట్టేది. అప్పుడప్పుడూ తీసి నీడన ఆరేసి, మడత మార్చి పెట్టేది. లేకపోతే మడత పడ్డచోటే చీర తెగుతుంది. వెంకటగిరి చీరలను గంజి పోయేదాకా ఉతికించాకే బీరువాలో పెట్టేది, గంజికి పురుగు చేరుతుందని. కలరా ఉండలు జరీకి తగిలితే నల్లబడుతుందని వాటిని గుడ్డలో మూటగట్టేది. పాలియెస్టరుకు మాత్రం ఏ మర్యాదా లేదు. "దానికేం మే, పురుగు గూడా ముట్టదు" అనేది.

వీధంతా ఆమెను ఓపిక గల తల్లి అంది. ఓపిక గొప్ప గుణమేమీ కాదు. దాన్ని ఎవరి మీద ప్రయోగించారన్నదే చూడాలి.

కోడలు ధరణి పుత్తూరు పిల్ల. పెళ్లి 1994లో. వాళ్లమ్మ స్వయంగా కంచికి పోయి మావిచిగురు రంగు పట్టుచీర తెచ్చింది. పెళ్లిలో చుట్టాలంతా ఆ చీర అంచు పట్టుకు చూశారు తప్ప, రుక్మిణమ్మ పెట్టిన చీరను ఒక్కరూ చూడలేదు. ఆ సంగతి రుక్మిణమ్మ మరిచిపోలేదు.

అప్పగింతల నాడు తల్లి కూతురి కొంగులో ఒడిబియ్యం పోసింది. వాటిని అత్తగారింట వండుకు తినాలి. రుక్మిణమ్మ పిడికెడు మిగిల్చి ఆ కొంగులోనే ముడివేసింది. "ముడి ఇప్పగూడదు మే. అమ్మ పోసిన బియ్యం చీరలో ఉంటే సల్లగా ఉంటావు" అని, చీరను అంగడివాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరులోనే ఉంచి బీరువా అడుగు అరలో పెట్టింది. తాళం బొడ్లో దోపుకుంది. గింజ ఉన్నచోట పురుగుంటుందని వీధికంతా చెప్పిన మనిషి ఆమే.

ఏడాది తిరక్కుండా ధరణి తల్లి చనిపోయింది. అత్త చీరలు ఆరేసినప్పుడల్లా ధరణి అడిగేది.

"అత్తా, నాది గూడా ఒగసారి గాలికేద్దామా?"

"శుభం గింజలుండాయి దాన్లో. కదిలిస్తే అరిష్టం."

యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా అయిన మొగుడు అమర్‌నాథ్, "అమ్మకు తెలీందా?" అన్న ఒక్క మాటతో సంసారం నడిపాడు.

2001లో ధరణి చెల్లెలు లోకేశ్వరికి తిరుచానూరులో పెళ్లి కుదిరింది. పీటల దగ్గర తల్లి స్థానంలో అక్కే నిలబడాలి. "అక్కా, అమ్మ తెచ్చిన చీర కట్టుకో. అమ్మ వచ్చినట్టుంటాది" అని చెల్లెలు మరీమరీ చెప్పింది. ధరణికీ అంతకు మించిన కోరిక లేదు.

పెళ్లికి బయల్దేరే రోజు పొద్దున, చుట్టాలు చూస్తుండగా రుక్మిణమ్మ బీరువా తెరిచింది. కవరు విప్పగానే పిండి రాలింది. కొంగు జల్లెడైపోయింది. ధరణి విప్పబోతే చీర మడత మడతకీ విడిపోయి చేతికొచ్చింది.

"అయ్యో, ఏందిమే ఇది!" రుక్మిణమ్మ బుగ్గన వేలేసుకుంది. "ఇన్నేండ్లలో ఒగసారన్నా సూసుకోవద్దా? పట్టంటే పసిబిడ్డ లెక్క."

"తాళం నీకాడే కదత్తా ఉండేది!"

"అడిగితే ఇయ్యనంటినా?"

"ఈ కాలం పిల్లోళ్లకు చీర కట్టేదే రాదు, ఇంక దాచేదేం తెలస్తాది" అని ఒక ముసలామె నవ్వింది. తక్కినవాళ్లూ నవ్వారు.

రుక్మిణమ్మ తన పెళ్లిచీర తీసింది. లక్కలాంటి ముదురెరుపు, అరక్కు రంగు; నిన్న నేసినట్టుంది. "ఇదో, ఇది కట్టుకో. నీది నాది అని తేడా సూస్తానా నేను?" అంది. అందరూ ఆమె మంచితనానికి తలలూపారు.

కట్టుకున్నాక ధరణి ఒక్కటే అడిగింది. "ఆ చీర పారెయ్యొద్దత్తా. బాగుండే కాడ జేనెడు కత్తిరించి పెట్టుకుంటా."

"అట్నేలే, పోయిరా."

పెళ్లిలో ఆడవాళ్లు ఆమె కొంగు పట్టుకు చూశారు. ఎవరిదమ్మా అంటే మా అత్తది అని చెప్పింది. అదృష్టవంతురాలివి అన్నారు. పీటల మీదున్న లోకేశ్వరి మాత్రం ఆ చీరను చూసి మొహం తిప్పుకుంది. మళ్లీ అక్క వైపు చూడలేదు.

ధరణి ఇంటికొచ్చేసరికి వంటింట్లో కొత్త ఇడ్లీపాత్ర ఉంది. పాత పట్టుకు స్టీలు సామాన్లిచ్చే మనిషి వచ్చి పోయాడు.

"గుడ్డ కాల్చి జరీ తీస్తారంట" అంది రుక్మిణమ్మ. "నీ చీరకొచ్చింది గాబట్టి నీ పేరే కొట్టించినా, సూడు."

మూత మీద చుక్కలు చుక్కలుగా ధరణి పేరుంది. ధరణి దాన్ని ముట్టుకోలేదు. లోపలికి పోయి, కట్టుకున్న చీర విప్పి తెచ్చిచ్చింది. రుక్మిణమ్మ దాన్ని వెలుతురుకు పట్టి, చెమట మరకల కోసం అంచు అంచూ వెతికింది.

"యాడా మరక లేదు. బాగా కట్టుకున్యావు" అంది. "పొద్దునకి ఇడ్లీ ఏద్దాం. పప్పు నానెయ్ మే."