బొట్టు పెట్టని చోక్

మొన్న బూర్గంపాడులో తెలిసినవాళ్ల రైస్ మిల్లుకు వెళితే, అక్కడి కుర్ర ఇంజినీరు కొత్త మోటార్ డ్రైవ్ చూపించి, ఇప్పుడు చోక్ లోపలే ఉంటుందనీ, విడిగా అక్కర్లేదనీ తేలిగ్గా చెప్పాడు. అతని తప్పేం లేదు గానీ, నాకు మాత్రం పాత మంట మళ్లీ రేగింది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో అశ్వారావుపేట వైపు ఒక పామాయిల్ మిల్లులో నేను ఎలక్ట్రీషియన్‌ని. గెలలు పిండే ప్రెస్సు మోటారు వేగాన్ని తగ్గించి పెంచే డ్రైవ్ కొత్తగా వచ్చింది, దానితోపాటు ఇనుప దిమ్మకు రాగితీగ చుట్టిన బరువైన డీసీ రియాక్టర్ కూడా. మా నోట్లో అది చోక్. అడవి లైన్లో పోయిన కరెంటు వచ్చినప్పుడల్లా ఒక్కసారిగా ఎగదన్నేది. ఆ దెబ్బ డ్రైవ్ మీద పడకుండా కాసేది ఆ చోకే. అయితే అది తిరగదు, లైటు వెలగదు, వేడెక్కి గుయ్యిమంటూ కూర్చుంటుంది. కదలనిది పనిచేస్తోందంటే మనవాళ్లు నమ్మరు కదా! దసరాకు మోటార్లకూ, ప్యానెళ్లకూ, చివరికి పానాలకూ బొట్లు పెట్టి దాన్నొక్కదాన్నీ వదిలేశారు.

ఆ రొద భరించలేక, పైగా అది కరెంటు తినేస్తోందని, మా షిఫ్టు ఇన్‌ఛార్జి దాన్ని తీయించి రాగిపట్టీతో నేరుగా కలిపించాడు. డ్రైవ్ ఎప్పటిలాగే నడిచింది. నేను వద్దని మొత్తుకున్నప్పుడల్లా, నడుస్తోంది కదా అనేవాడు. తల బాదుకున్నాను.

మరుసటి వానాకాలంలో మా మేనమామ, జీడితోట కొట్టేసి వేసిన పామాయిల్ తోట తొలి కాపును ట్రాక్టరులో తెచ్చాడు. ఇక్కడ కరెంటు చూసేది మా అల్లుడేనని గేటు దగ్గర అందరికీ గొప్పగా చెప్పుకున్నాడట. ఆయన తూకం వంతు రాకముందే కరెంటు పోయి వచ్చింది, డ్రైవ్ ఫట్‌మంది, తూకం ఆపేశారు. కొత్త డ్రైవ్ ఖమ్మంలో దొరక్క హైదరాబాదు నుంచి వచ్చేసరికి గెలలు కుళ్లిపోయాయి. మిల్లు వాటిని తీసుకోలేదు.

మామ ఆ కుప్ప పక్కన నిలబడి నన్ను ఒక్కటే అడిగాడు.

“నువ్వుండంగ గిట్లెట్లయింది, అల్లుడా?”

చోక్ సంగతంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, అది తీసినంక గూడా ఇన్నాళ్లు నడిచింది గదా అన్నాడు. ఇన్‌ఛార్జి మీద కూడా రానంత కోపం ఆ క్షణాన వచ్చింది నాకు, ఎవరి మీదో తెలియకుండా.

తర్వాత కూడా కాపు తెచ్చాడు గానీ, గేటు దగ్గర నా పేరు ఎత్తలేదు. ఇప్పుడా మిల్లులో ఒక డ్రైవ్ పోతే పక్కనే ఇంకోటి సిద్ధంగా ఉంటుంది, గెలలు ఆగవు, ఎవరూ ఎవర్నీ నిలదీయరు. నన్ను నిలదీసిన మామ లేడు. ఉన్నా, డ్రైవ్‌ను కాసింది ఆ చోకేనంటే నమ్మేవాడో లేదో.