ఇద్దరి గుంట

ఎనభైలలో ఓ ఉదయం ధర్మపురి బస్టాండులో కూర్చుని రాజ్యాంగం పాఠం బట్టీ పడుతున్నాను. పక్కన ఒక రైతు చేతిలో అర్జీ, ఒళ్ళో చచ్చిపోయిన ఎద్దు మెడగంట పెట్టుకుని ఉన్నాడు. గంట సాక్ష్యమట.

“రైలుగేటు కాడ గుంటలో బండి దిగబడి ఎద్దు కాలు విరిగింది తంబీ. రైలోళ్ళనడిగితే రోడ్డు మద్రాసు సర్కారుదంటారు. రోడ్డోళ్ళనడిగితే గేటు ఢిల్లీదంటారు. ఒంటెద్దుతో ఎట్ల దున్నేది? చదువుకునేవాడివి, నువ్వు చెప్పు. ఆ గుంట ఎవరిది?”

పుస్తకంలో కేంద్రానికొక జాబితా, రాష్ట్రానికొకటి, ఉమ్మడిదొకటి ఉన్నాయి. “ఇద్దరిదీ అయ్యుంటుంది,” అన్నాను తెలివిగా.

“ఇద్దరిదీనా? అట్లయితే ఇంక పూడ్చేవాడే లేడు.”

కలెక్టరాఫీసుకని వచ్చిన మనిషి అర్జీ మడిచి సంచిలో పెట్టుకుని, కంబైనల్లూరు బస్సెక్కి ఊరికి వెళ్ళిపోయాడు.

పరీక్షలో ఉమ్మడి జాబితా ప్రశ్నే వచ్చింది. అదే జవాబు రాశాను. మంచి మార్కులే పడ్డాయి.