పాటగాడి కోటు

ఆ లాండ్రీ ఆయనకి అమ్మానాన్నా పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, దాన్ని కట్టుకున్న పెళ్ళాం కూడా మర్చిపోయింది. వీధంతా కాలరు అనే పిలుస్తుంది. ఆయన దేవుడిగా కొలిచే పాటగాడు కాలరు పైకెత్తుకుని తిరుగుతాడు. అందుకని ఈయన కూడా ఎండా వానా, పెళ్ళీ చావూ అని చూడకుండా కాలరు ఎత్తుకునే తిరుగుతాడు. పాటగాడికి మెడ ఉంది, చూడముచ్చటగా ఉంటుంది. ఈయనకి మెడే లేదు, తలకాయ నేరుగా భుజాల మీద దిగబడిపోయింది. ఎత్తిన కాలరు రెండు చెవుల్నీ మూసేస్తుంది. ఎవరు మంచి చెప్పినా ఎక్కకపోవడానికి అదే కారణమని వాళ్ళావిడ అంటుంది.

షాపు అగ్గిపెట్టంత ఉంటుంది. ముందు బల్ల, వెనక రెండు మెషీన్లు, చేత్తో ఉతకడానికి సిమెంటు తొట్టి, ఆవిరి ఇస్త్రీ పెట్టె, నెత్తికి తగిలే హ్యాంగర్లు. గోడల రంగేంటో ఎవరికీ తెలీదు, అంగుళం ఖాళీ లేకుండా పాటగాడి బొమ్మలే. షట్టరు లేచింది మొదలు దిగేదాకా ఆయన పాటలే. "ఇంకేదైనా పెట్టవయ్యా బాబూ" అన్న పాపానికి ఒక పెద్దమనిషి పాంటుకి మోకాళ్ళ దగ్గర అడ్డంగా మడత పడింది. ఎవరో గాయని ఇతని కంటే బాగా పాడుతుందన్నాడని సొంత తమ్ముడితో మాటలు మానేశాడు. ఆ తమ్ముడి కూతురి పెళ్ళికి గడప దాటని మనిషి, పాటగాడి కుక్కకి జ్వరమని తెలిస్తే మాత్రం రోజంతా ముద్ద ముట్టలేదు.

ఇల్లు గడిచేది పాటలతో కాదు, ఒక హోటలు గుడ్డలతో. ఆ హోటల్లో గదులు చూసుకునే సూపర్‌వైజరు ఈయన బావమరిదే. మేనేజరు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి దుప్పట్లు, తువ్వాళ్ళు, పనివాళ్ళ యూనిఫారాలు అన్నీ అక్కకి ఇప్పించాడు. ఉతికేది అక్క, ఆరేసేది అక్క, మోసేది అక్క. కాలరుది ఇస్త్రీ ఒక్కటే, అదీ పాటకి నడుం ఊపుకుంటూ. "ఆ హోటలు గనక చెయ్యి జారితే మన పొయ్యిలో పిల్లి లేవదు, గుర్తు పెట్టుకోండి" అని ఆవిడ చెప్పని రోజు లేదు.

ఇంతలో పాటగాడు కొత్త పాట వదిలాడు. ఎవర్ని తిట్టాడో తెలుసా? అభిమానుల్నే.

"నా బొమ్మకి నువ్వు ముద్దులు పెడితే
మీ అమ్మకి మందులు ఎవడు తెస్తాడు?
నా గుమ్మం ముందు నిలబడిపోతే
నీ గుమ్మం తలుపు ఎవడు తీస్తాడు?
పోరా అబ్బీ, పో ఇంటికి,
నేనెవడ్నిరా నీ కంటికి?"

వీధి వీధంతా కడుపులు పట్టుకుని నవ్వింది. వాళ్ళావిడ తువ్వాళ్ళు మడతపెడుతూ ఆగింది.

"ఏవండోయ్, మిమ్మల్నే అంటున్నాడు. ఇంటి నంబరొక్కటే చెప్పలేదు."

"నన్నెందుకంటాడే? దొంగ అభిమానులని ఉంటారు, వాళ్ళకి పెట్టాడు గడ్డి."

"మీ అమ్మ కంట్లో వేసే చుక్కల మందు అయిపోయి ఎన్నాళ్ళయింది?"

"దానికీ దీనికీ ముడిపెట్టకు" అని పాట సౌండు ఇంకా పెంచాడు.

అభిమాన సంఘం సంగతి మరీ ఘోరం. స్కూటర్లు బాగుచేసే మెకానిక్కు దానికి ప్రెసిడెంటు. మీటింగులో ఆ పాటే వేసుకుని పూనకం వచ్చినట్టు ఎగిరారు. 'పోరా అబ్బీ' అన్నప్పుడల్లా ప్రతివాడూ పక్కవాడికేసి వేలు చూపించాడు. మెకానిక్కు కాలరుని చూపించాడు, కాలరు కటింగ్ షాపతన్ని చూపించాడు, అతను ఇంకొకణ్ణి. ఒక్కడి వేలన్నా తన వైపు తిరిగితే ఒట్టు! మొహాన ఉమ్మేస్తే పన్నీరు చల్లాడని తుడుచుకోకుండా తిరిగే బాపతు.

సరే, ఆ పాటగాడే ఊళ్ళో కచేరీకి వచ్చి ఆ హోటల్లోనే దిగాడు. పొద్దున్నే బావమరిది ఒక కవరు పట్టుకుని, పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు జాగ్రత్తగా వచ్చాడు. లోపల తెల్ల కోటు.

"బావా, సాయంత్రం ఇది వేసుకునే స్టేజి ఎక్కుతాడు. నిన్న వేరే ఊళ్ళో చెమటతో ముద్ద చేశాడు, మెడ దగ్గర మొహం రంగు కూడా అంటింది. చేత్తో ఉతికి మధ్యాహ్నానికి ఇవ్వు. ఏ కాస్త మాటొచ్చినా నా ఉద్యోగం పోతుంది, మీ దుప్పట్లూ పోతాయి."

వాళ్ళావిడ చెయ్యి చాపింది. "ఇటివ్వండి, నేనుతుకుతా."

"నువ్వా? కంపు దుప్పట్లు ఉతికే చేతుల్తోనా?"

"ఆ కంపు దుప్పట్లే మీకు తిండి పెడుతున్నాయి" అని, తమ్ముడి ముందు రచ్చెందుకని హోటలు మూటలు బండిలో వేసుకుని వెళ్ళిపోయింది.

కాలరు కోటు ముందు నిలబడ్డాడు. సబ్బు చేతిలో ఉంది, చెయ్యి మాత్రం లేవడంలేదు. ఇది మురికా? కాదు, ఆయన చెమట. కోట్లమంది కోసం పాడి పాడి కార్చిన చెమట. దీన్ని నురగ చేసి మోరీలోకి వదిలితే తనూ ఒక మనిషేనా? కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అంతటి భాగ్యం ఒక్కడే అనుభవించడం పాపమనిపించి సంఘానికి ఫోన్లు కొట్టాడు. వచ్చారండీ మిడతల దండులా! ఒకడు కోటు చేతిని చెంపకి రాసుకున్నాడు, ఒకడు జేబులో మొహం పెట్టాడు. మెకానిక్కు ఇంజను ఆయిలు చేత్తోనే గుండెల దగ్గర మెత్తగా నిమిరాడు. "మెల్లిగా, మెల్లిగా, మీ చేతులు శుభ్రంగా లేవు" అని ప్రతివాడూ మిగతావాళ్ళని కసిరాడు.

వాళ్ళు పోయాక కాలరు ఆ కోటుని అలాగే బల్ల మీద పరిచి ఇస్త్రీ పెట్టె పెట్టాడు. మురికి మీద వేడి తగిలితే మరక గుడ్డలో కాలి కూర్చుంటుందని, ఇంక బ్రహ్మ దిగొచ్చినా కదలదని లాండ్రీలో పుట్టిన ఎలక్కి కూడా తెలుసు. కాలరుకీ తెలుసు. కానీ మురికి కాదని తేల్చేసుకున్నాక మరకెలా అవుతుంది? కోటు మడిచి కవర్లో పెట్టి జిప్పు లాగేశాడు. బావమరిది పరిగెత్తుకొచ్చి విప్పి చూడకుండానే పట్టుకుపోయాడు.

సాయంత్రం ఆవిడ తిరిగొచ్చి కోటేదని అడగలేదు, నేరుగా తొట్టి వైపు చూసింది.

"తొట్టి పొడిగా ఉందేంటి?"

"ఆవిరి మీద చేశాలే."

"మెడ దగ్గర రంగు ఆవిరి మీద పోయిందా?"

కాలరు ఇస్త్రీ పెట్టె తీగ చుట్టడం మొదలెట్టాడు. ఆవిడ ఫోను తీసింది. "ఇచ్చేశానక్కా, ఆయన వేసుకుంటున్నాడు" అన్నాడు తమ్ముడు.

స్టేజి మీద దీపాలు వెలిగాయి. మేడంత తెర మీద పాటగాడి కోటు కాలరు పాచిపళ్ళ రంగులో మెరిసింది. గుండెల మీద నల్లటి బొటనవేలు ముద్ర, ఒక్కో గీతా లెక్కపెట్టుకోవచ్చు. పాటగాడు మైకులో అన్నాడు, "నా కోటు చూశారా? వేరేది లేక ఇదే వేసుకొచ్చా. మీ ఊళ్ళో ఎవడో దద్దమ్మ ఉతికాడు. ఉతికాడో, నమిలి ఊశాడో!"

జనం ఊగిపోయారు. అందరికంటే ముందు లేచింది మెకానిక్కే. "ఎవడ్రా మన దేవుడి కోటు పాడుచేసింది? నరికి పోగులు పెట్టండి!" అంటూ ఆ నల్లటి చేతినే గాల్లో ఊపాడు.

మర్నాడు పొద్దున సంఘమంతా తారు డబ్బాతో షాపు మీదికొచ్చింది, బోర్డుకి పూయడానికి. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"చెప్పండి వీళ్ళకి! ఆ బొటనవేలు ఎవరిదో చెప్పండి. ఒక్క ముక్క చాలు, తోక ముడుచుకుని పోతారు."

కాలరు మెకానిక్కు బొటనవేలు చూశాడు. నల్లగా, వెడల్పుగా, తెర మీద ఉన్నట్టే ఉంది. సంఘమంతా తనకేసి చూస్తోంది. గొంతు సవరించుకున్నాడు.

"తప్పు షాపుదే" అన్నాడు. నాది అనలేదు, షాపుది అన్నాడు! "మన దేవుణ్ణి నవ్వులపాలు చేసిన షాపు ఇది. ఇలా ఇవ్వన్నా, నేనే పూస్తా."

కుంచె లాక్కుని, పెళ్ళాం చెమటోడ్చి నిలబెట్టిన షాపు బోర్డుని అక్షరం కనపడకుండా నల్లగా పూసేశాడు. సంఘం జేజేలు కొట్టింది. ఆవిడ చెప్పులేసుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని హోటలుకి వెళ్ళింది.

మేనేజరు చెడామడా దులిపేశాక ఒకటే షరతు పెట్టాడు, ఆ మనిషి చెయ్యి మా గుడ్డ మీద పడకూడదని. "పడదు సార్" అని ఆయన మాట పూర్తవకముందే ఒప్పేసుకుంది. హోటలూ నిలిచింది, తమ్ముడి ఉద్యోగమూ నిలిచింది. ఇప్పుడు ఇస్త్రీ బల్ల దగ్గర పక్కింటి కోడలు నిలబడుతోంది, మడతలు కత్తిలా వస్తున్నాయి.

కాలరుకి పనిలేదు. షాపు మెట్ల మీద ఫోను పట్టుకుని కూర్చుని, గుడ్డలకొచ్చిన ప్రతివాళ్ళకీ కచేరీ వీడియో చూపిస్తాడు.

"ఇదుగో, ఇక్కడ వినండి. 'ఎవడో దద్దమ్మ' అన్నాడు చూశారా? అది నేనే! అంతమంది జనంలో నా ఒక్కడి గురించే మాట్లాడాడు."

లోపల్నుంచి వాళ్ళావిడ గొంతు వినిపిస్తుంది. "ఆ దద్దమ్మని కాస్త పక్కకి జరగమనండమ్మా, హోటలు బండి వచ్చింది."