గోపన్‌పల్లి గుండ్ల మధ్య మా పడవ కాపురం

మా ఆఫీసు క్యాంటీన్‌లో కొత్త కౌంటర్లు కడుతున్నారు. ఈ వారమంతా లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఫైబర్‌కు పూసే జిగురు వాసన, థిన్నర్ వాసన కలగలిసి గుప్పుమంటున్నాయి. పక్క సీట్లవాళ్ళు తలనొప్పి అంటూ ముక్కులు మూసుకుంటుంటే, నేను మాత్రం టీ తాగే వంకతో అక్కడే నిలబడి ఊపిరి నిండా పీల్చుకుంటున్నాను. ఎవరేమనుకున్నా సరే, నాకది మా ఇంటి వాసన. చిన్నతనంలో రెండేళ్ళకు పైగా మేం ఒక తెరచాప పడవలో కాపురం ఉన్నాం. నది మీద కాదు, సముద్రం మీద కాదు. గోపన్‌పల్లి రాతిగుండ్ల మధ్య, చెంచాడు నీళ్ళు లేని ఒక ప్లాటులో.

అంతకుముందు మాకు ఇళ్ళకేం కొదవ లేదు. నారాయణపేట దిక్కునుంచి పని వెతుక్కుంటూ వచ్చిన అమ్మానాన్నలు కొండాపూర్‌లోనో మాదాపూర్‌లోనో లేస్తున్న అపార్ట్‌మెంట్లలో కూలి చేస్తూ, వాటిలోనే కాపలా ఉండేవాళ్ళు. తలుపుల్లేని గదులు, కిటికీలకు అడ్డం కట్టిన సిమెంటు సంచులు, తడిపిన గోడల పచ్చి వాసన, అన్నీ మావే. కానీ టైల్స్ లారీ వచ్చిందంటే నా గుండెలో రాయి పడేది. టైల్స్ తర్వాత రంగులు, రంగుల తర్వాత గృహప్రవేశం. ఆ రోజు గేటు పక్కన కూర్చుని విస్తరాకులో పులిహోర తిని, మూటలు నెత్తికెత్తుకునేవాళ్ళం. పని పూర్తయితే ఇల్లు పోతుందన్న సంగతి నాకు ఎక్కాల కంటే ముందే వచ్చింది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాన్నకు ఆ ప్లాటు కాపలా దొరికింది. మధ్యలో ఇనుప కాళ్ళ మీద, చిన్న లారీ అంత పొడవున్న తెల్లటి ఫైబర్ పడవ. హైటెక్ సిటీలో ఇంజినీరుగా చేసే కాకినాడ సారు దాన్ని ముంబైలో పాతది కొని లారీ మీద తెప్పించుకున్నారు. ఉద్యోగం నుంచి దిగిపోయాక భార్యాభర్తలిద్దరే అందులో తీరం వెంట తిరగాలని ఆయన కోరిక. అందాకా ఆదివారాలు వచ్చి బాగుచేసుకునేవారు. మేం మూల రేకుల షెడ్డులో ఉండేవాళ్ళం. మొదటి ఏడాది ఆషాఢం గాలికి ఆ రేకులు కాస్తా లేచిపోయాయి. ఆదివారం సారుతో వచ్చిన మేడమ్ మా తడిసిన బొంతలు చూసి, పడవ తాళం తీసి అమ్మ చేతిలో పెట్టారు.

“పిల్లని తడిలో పడుకోబెడతావా బాలమణీ? లోపల ఉండండి. ఎలాగూ ఖాళీయేగా” అన్నారు.

అంత చిన్న ఇంట్లో అంత సుఖం ఉంటుందని నేను ఆ రోజు దాకా ఎరగను. కొన్ని మెట్లు దిగితే అటూ ఇటూ రెండు బల్లలు, రాత్రయితే అవే మంచాలు. ముందు ముక్కు దగ్గర సమోసా ఆకారంలో ఉన్న గూడు నాది. అరల తలుపులకు కొక్కేలు, కింద మీట కాలితో తొక్కితే కుళాయిలో నీళ్ళు, పడవ ఎటు ఒరిగినా వంగకుండా రెండు వైపులా కీళ్ళ మీద వేలాడే గ్యాస్ పొయ్యి. అమ్మ ఆ పొయ్యి ముందు నిలబడి చేయి చాపితే ఉప్పు, ఇటు చాపితే పిండి, వెనక్కి చాపితే నేను. “గీ ఇల్లు కట్టినోడు ఆడోళ్ళ మాట ఇన్నడే” అంది మొదటి రోజే. జొన్నరొట్టె కొట్టడానికి మాత్రం చోటు చాలక, పైకెక్కి చుక్కాని పక్కన కూర్చుని కొట్టేది. ఆ చప్పుడుకి గుండ్ల మీది తొండలు తలలూపేవి.

పైన తాళ్ళన్నీ వెనక చుక్కాని దగ్గరికే వచ్చేట్టు అమర్చి ఉండేవి. ఒక్కరే కూర్చున్న చోటు నుంచి కదలకుండా తెరచాప ఎత్తొచ్చు, దించొచ్చు. ఇద్దరుంటే ఎంత దూరమైనా పోవచ్చని సారు చెప్పేవారు. చుట్టుపక్కల కూలీల పిల్లలమంతా ఆ చుక్కాని పట్టుకుని ఒకసారి బొంబాయి, ఒకసారి దుబాయి పోయి, ఆకలేస్తే దిగివచ్చేవాళ్ళం. ఎండాకాలం పడవ కింది నీడలో నాన్న కునుకు తీసేవాడు. వానలు వెనకబట్టాక గుండ్ల సందుల్లో సీతాఫలాలు కోసుకొచ్చి నా గూట్లో మాగబెట్టేదాన్ని. పడవంతా తియ్యటి వాసన పట్టేది. బతుకమ్మకు పసుపుపచ్చని తంగేడు తెచ్చి పైనే పేర్చేవాళ్ళం. మేడమ్ కాకినాడ కాజాలు తెచ్చేవారు, అమ్మ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు డబ్బాలో పెట్టించుకుని పోయేవారు.

చిరిగిన తెరచాపలు కుట్టే పని అమ్మ తన మీద వేసుకుంది. ఇద్దరు ఆడవాళ్ళూ ఆ గుడ్డను పెళ్ళి పందిరంత పరిచి, చెరో కొసా పట్టి, సూదికి మైనం రాసుకుంటూ సాయంత్రం దాకా కబుర్లాడుకునేవాళ్ళు. ఒకనాడు సారు ఆగలేక, కుట్టింది ఎలా ఉందో చూద్దామని నేల మీదే తెరచాప ఎత్తేశారు. అప్పుడే సుడిగాలి కొట్టింది. ఇనుప కాళ్ళు కిర్రుమన్నాయి, పడవ ఒరిగింది, సారు తాడు పట్టుకుని వేలాడుతున్నారు. “వదిలేయండి, ముందు వదిలేయండి” అంటూ మేడమ్ ఎక్కి తాడు విప్పితే తెరచాప దభీమని కూలింది. లోపల వంట చేస్తున్న అమ్మ గరిటెతో తల బయటపెట్టి, “ఇల్లంత ఊగింది గని పప్పు ఒలకలే సారూ” అంది. ఆ పూట అందరం నవ్వుకుంటూ ఆ పప్పే తిన్నాం.

నవ్వానే గానీ, నాకు లోపల ఒకటే బెంగ. పడవ బాగైతే మేం మళ్ళీ రోడ్డున పడతాం. వానొస్తే జిగురు ఆరదు కాబట్టి ప్రతి ఆదివారం వాన రావాలని దండం పెట్టుకునేదాన్ని. కాజాలు తెచ్చే మేడమ్ రావాలి, పని మాత్రం జరగొద్దు. అమ్మ చేతిలో సూది చూస్తే ఒళ్ళు మండేది.

“అంత మంచిగ నువ్వే కుడితే ఇగ మనం యాడ ఉండాలె?” అని ఒకరోజు ఏడ్చేశాను.

అమ్మ సూది ఆపలేదు. “కుట్టకుంటే మనదైతదా? దీన్ని నమ్ముకొని ఇద్దరు మనుషులు నీళ్ళ మీద పోతరు బిడ్డా. కచ్చాపచ్చా కుట్టొద్దు.”

సారు ఉద్యోగం నుంచి దిగిపోయిన నెలలోనే కాకినాడకు లారీ మాట్లాడారు. బయలుదేరే రోజు పొద్దున మేడమ్ పసుపు, కుంకుమ, పాలు తెచ్చారు. పొయ్యి వెలిగించి, గిన్నె అమ్మ చేతికిచ్చారు.

“నాకెందుకమ్మా? ఇంటామె పొంగియ్యాలె” అని అమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

“మరి ఇన్నాళ్ళూ ఈ పొయ్యి మీద వండింది ఎవరు?” అన్నారు మేడమ్.

ఎన్నో గృహప్రవేశాలు గేటు బయట నుంచి చూసిన మా అమ్మ, కొంగు నడుముకు దోపుకుని పాలు పొంగించింది. ఏ దిక్కుకు పొంగాయని నాన్న అడిగితే ఎవరమూ చెప్పలేకపోయాం. వంగని పొయ్యి కదా, చుట్టూ సమానంగా పొంగిపోయాయి. అమ్మ కళ్ళు తుడుచుకోవడం చూసి నాకు ఏడుపు ఆగలేదు.

క్రేను పడవను లేపి లారీ మీద పెట్టింది. నాన్న వెదురు కర్రతో కరెంటు తీగలు పైకెత్తుతూ మెయిన్ రోడ్డు దాకా ముందు నడిచాడు. అన్నిసార్లూ ఇంటిని వదిలి మేం వెళ్ళాం. ఆసారి మమ్మల్ని వదిలి ఇల్లే వెళ్ళింది. కొన్నాళ్ళకు మేడమ్ ఫోన్ చేశారు. గాలి హోరులో మాటలు సగమే వినిపించాయి. తెరచాప ఎత్తామని, కుట్టు ఒక్కటీ ఊడలేదని చెప్పారు. ఆ తర్వాత వాళ్ళ నంబరు మారింది.

ఇప్పుడక్కడ గుండ్లు లేవు, పగలగొట్టి కంకర చేశారు. తంగేడు లేదు, సీతాఫలాలు బండి మీద కొనుక్కుంటున్నాం. టవర్లు అడ్డం నిలబడ్డాక ఆషాఢం గాలి కూడా దారి తప్పింది. మొన్న అమ్మను కళ్ళ దవాఖానకు ఆటోలో తీసుకుపోతూ ఆ దారినే వెళ్ళాం. కొండాపూర్‌లో ఆమె ఇటుకలు మోసిన అపార్ట్‌మెంట్లు ఎన్నో దాటాం, వేటినీ చూపించలేదు. గోపన్‌పల్లిలో ఆకాశమంత ఎత్తున్న ఒక టవర్ ముందు మాత్రం డ్రైవర్ భుజం తట్టింది.

“జర ఆపు బిడ్డా. ఈడనే మా ఇల్లుండె.”

అతను టవర్‌ను కింది నుంచి పైదాకా చూశాడు. “గీడనా? మరి ఎంతకమ్మిన్రు పెద్దమ్మా?”

“అమ్మలే బిడ్డా. సముద్రం మీదికి పోయింది.”

అతను అద్దంలోంచి జాలిగా నా వంక చూశాడు. నిజమేనని చెప్పాను.